క్రొత్త రాక్ సంగీతము – మన యింటి తెలుగు

మన పావగడ తాలూకా పటమును ముందిడుకొని చూచినవారికి ఒక విశేషము వెంటనే గోచరించును. ఇది తుమకూరు జిల్లాలోని తాలూకాయే యైనను దీనికి మూడువైపుల ఆంధ్రదేశమే యున్నది. మడకశిర, హిందూపురము, పెనుకొండ, కళ్యాణదుర్గము మనకు పొరుగు సీమలు. 1956వ సంవత్సరము నవంబరు 1వ తేదీన భాషను బట్టి రాష్ట్రములు ఏర్పడినప్పుడు సరిహద్దు గీత ఎచ్చట నిలిచినను, సంతకు పోవు బండిగాని, పెండ్లి సంబంధముగాని, జాతరలోని ఉరుముల మ్రోతగాని ఆ గీతను పాటింపలేదు. బడిలో కన్నడము, కచేరీలో కన్నడము, ఇంటిలో తెలుగు – ఈ విధముగా మన కుటుంబములు తరతరములుగా జీవించుచున్నవి. కన్నడము మనకు అన్నము పెట్టిన భాష. దానిపై మనకెట్టి ఫిర్యాదును లేదు.

అయినను ఒక ప్రశ్న మాత్రము మిగిలియున్నది. మనము ఇంటిలో తెలుగు మాటలాడుచున్నాము. కాని మన తెలుగులో క్రొత్తగా ఏమి పాడుచున్నాము? పాత పాటలకు కొదువ లేదు. భజన కీర్తనలు, చెక్కభజన పాటలు, కోలాటపు పాటలు, వేమన పద్యములు పెద్దల నోట నిలిచియున్నవి. సినిమా పాటలు హైదరాబాదునుండి వచ్చుచునే యున్నవి. కాని మన యూరి మాటలో, మన నేటి బ్రతుకును గూర్చి, మన పిల్లలు స్వయముగా కట్టుకొనిన పాట యేది? ఒక భాష వంటింటికిని పోట్లాటకును మాత్రమే పనికివచ్చి, పదునెనిమిదేండ్ల వాని మనసులోని మాటకు పనికిరాకపోయినచో, మూడవ తరము నాటికి అది అవ్వ మాటగా మిగిలిపోవును. ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు నేను పోయిన చోటు పాఠక మహాశయులకు వింతగా తోచవచ్చును. అది పంక్ సంగీతము. దాని సంతతియైన ఇండీ రాక్ సంగీతము.

నేను సంగీతశాస్త్రము చదివినవాడను కాను. ఈ సంగీతమును కొన్ని యేండ్లుగా ప్రీతితో వినుచున్న అభిమానిని మాత్రమే. మొదటిసారి వినువారికి ఇది గోలగా తోచును. ఆలాపన లేదు, గమకము లేదు. ఒకటి రెండు గిటారులు, ఒక బాసు గిటారు, ఒక డ్రమ్ముల జత, ఒక గొంతు – ఇంతియే సామగ్రి. కొన్ని స్వరములను ఒక్క మీటుతో కలిపి పలికించుటను ఆ సంగీతమున కార్డు అందురు. అట్టి కార్డులు మూడు తెలిసినచో పంక్ పాట కట్టవచ్చును. పాట రెండు మూడు నిమిషములలో ముగియును. గొంతు తీయగా నుండవలసిన పనిలేదు. చెప్పదలచిన మాట యొకటి యున్నచో చాలును. మన జాతరలో ఉరుము మ్రోగినప్పుడు దాని మాధుర్యమును ఎవరును తూచి చూడరు; ఆ మ్రోత కూర్చున్నవానిని లేపి నిలబెట్టును. పంక్ పాటను కూడ ఆ చెవితోనే వినవలెను.

ఈ సంగీతము పుట్టిన కాలమును పరిశీలించినచో దాని స్వభావము తెలియును. 1970 తరువాతి యేండ్లలో అమెరికా, ఇంగ్లండు దేశములందు రాక్ సంగీతము పెద్ద వ్యాపారమై యుండెను. ఒక్కొక్క పాట పది యిరువది నిమిషములు సాగుచుండెను. కచేరీలు క్రీడామైదానములలో జరుగుచుండెను. వాద్యముల ఖరీదు సామాన్యులకు అందదు. బీద పిల్లవానికి ఆ సంగీతము దూరమునుండి చూచుటకే గాని తాను చేయుటకు వీలుపడని వస్తువయ్యెను. అట్టి సమయమున, 1974లో, న్యూయార్కు నగరములోని క్వీన్సు ప్రాంతపు యువకులు నలుగురు రామోన్స్ అను పేర ఒక బృందమును ఏర్పరచుకొనిరి. బావరీ వీధిలోని సీబీజీబీ అను చిన్న మద్యశాల వారి వేదిక. 1976 ఏప్రిలులో వెలువడిన వారి తొలి రికార్డులో 14 పాటలు కలవు. అన్నియు కలిసి అరగంటకు లోపుగనే ముగియును. వినిన ప్రతి యువకునికిని 'ఇది నేనును చేయగలను' అను తలంపు కలుగుటయే ఆ రికార్డు చేసిన మేలు.

ఆ సంవత్సరము ఇంగ్లండులో నిరుద్యోగుల సంఖ్య పది లక్షలు దాటియుండెను. బడి ముగించిన పిల్లలకు ముందు దారి కనబడలేదు. 1975లో ఏర్పడిన సెక్స్ పిస్టల్స్, 1976లో ఏర్పడిన క్లాష్, డ్యామ్డ్ అను లండను బృందములు ఆ నిరాశను, ఆ కోపమును పాటగా మార్చినవి. 1976 అక్టోబరులో డ్యామ్డ్ బృందము వెలువరించిన పాట బ్రిటిషు పంక్ రికార్డులలో మొదటిదిగా ఎన్నబడుచున్నది. పత్రికలు ఆ పిల్లల చిరిగిన బట్టలను, చెదరిన జుట్టును, వారు వేదికలపై ఆడిన దుర్భాషలను వర్ణించుటలో మునిగిపోయినవి. అంతకంటె ముఖ్యమైన పని మాంచెస్టరు నగరములో జరిగినది.

అచ్చటి బజ్‌కాక్స్ అను బృందమువారు ఏ కంపెనీ గడపయు తొక్కలేదు. మిత్రుల వద్దను బంధువుల వద్దను 500 పౌండ్లు అప్పు చేసిరి. 1976 డిసెంబరులో ఒక్క దినమున నాలుగు పాటలు రికార్డు చేసిరి. న్యూ హార్మోన్స్ అని తమ సొంత సంస్థకు పేరు పెట్టుకొని, 1977 జనవరిలో 1,000 ప్రతులు అచ్చొత్తించిరి. అవి చెల్లిపోగా మరల మరల వేయించిరి. సుమారు 16,000 ప్రతులు అమ్ముడుపోయినవి. ఆ దారిని చూచి ఇంగ్లండులోని పట్టణ పట్టణమునను యువకులు తమ రికార్డులను తామే వేసికొన నారంభించిరి. 1976లో లండనులో రఫ్ ట్రేడ్ అను పేర తెరువబడిన దుకాణము అట్టి రికార్డులను తెప్పించి అమ్మెను. 1978లో తానును రికార్డుల సంస్థ యయ్యెను. 1980 జనవరినుండి పెద్ద కంపెనీలతో సంబంధము లేని రికార్డులకు వేరుగా ఒక అమ్మకపు పట్టిక వెలువడసాగెను. స్వతంత్రమని అర్థమిచ్చు 'ఇండిపెండెంట్' అను మాటను కుదించగా వచ్చినదే 'ఇండీ'. అది మొదట రాగమునకో తాళమునకో పెట్టిన పేరు కాదు. పాట ఎవరి సొమ్ముతో, ఎవరి అనుమతితో వెలువడినదను విషయమునకు పెట్టిన పేరు. మన సంఘములు ఇంటింట చందాలు ప్రోగుచేసి ప్రత్యేక సంచికను వేసికొనుటకును, మాంచెస్టరు పిల్లలు అప్పుచేసి రికార్డు వేసికొనుటకును పెద్ద భేదము లేదు.

తమ సొమ్ముతో పాట చేసికొనవచ్చునని తెలిసిన పిదప, తమ భాషలో ఏల చేసికొనరాదను ప్రశ్న సహజముగా వచ్చును. ఆ ప్రశ్నను గట్టిగా అడిగినవారిలో వేల్సు దేశీయులు ముఖ్యులు. ఇంగ్లండునకు పడమటనున్న వేల్సులో వెల్షు భాష మాటలాడువారు స్వదేశముననే అల్పసంఖ్యాకులు. 1965లో లివర్‌పూలు నగరమునకు నీరు సమకూర్చుటకై అచ్చట ట్రవెరిన్ లోయను జలాశయముగా మార్చగా, కాపెల్ కెలిన్ అను వెల్షు పల్లె నీట మునిగినది. 1969లో సైన్ అను వెల్షు రికార్డుల సంస్థ నెలకొల్పబడినప్పుడు, అది వెలువరించిన మొదటి రికార్డు హ్యూ జోన్స్ అను గాయకుడు ఆ ముంపును గూర్చి పాడిన పాట. దాని పేరునకు అర్థము 'నీరు' అని. నీటి కరవు నెరిగిన మన సీమవారికి ఆ పేరు చాలును. వేరు వ్యాఖ్యానము అక్కరలేదు.

తరువాతి తరము ఇంకొక అడుగు వేసినది. 1980 తరువాతి తొలి యేండ్లలో అన్‌హ్రెవెన్ అను పంక్ బృందము వెల్షులో పాడసాగెను. ఆ పేరునకు 'గందరగోళము' అని అర్థము. 1982లో ఏర్పడిన డాట్‌బ్లగీ బృందము వెల్షు పెద్దమనుష్యుల గొప్పలను వెల్షులోనే ఎగతాళి చేసెను. ఇది గమనింపదగిన విషయము. అంతవరకు భాషాభిమానము అనగా భాషను పొగడుటయే యని చాలమంది తలంచిరి. ఈ పిల్లలు భాషను పొగడక, దానితో పని చేయించిరి: ప్రేమకు, విసుగునకు, ఆకలికి, హాస్యమునకు దానిని వాడిరి. బీబీసీ రేడియోలో జాన్ పీల్ అను ప్రసారకుడు వారి పాటలను వినిపించగా, వెల్షు ఒక్క ముక్కయు తెలియనివారును వినిరి. 1988లో అబెరిస్ట్‌విత్ పట్టణములోని విద్యార్థులు ఆంక్స్ట్ అను సంస్థను స్థాపించి అట్టి పాటలను వెలువరించిరి. 2000వ సంవత్సరమున సూపర్ ఫర్రీ యానిమల్స్ అను బృందము కేవలము వెల్షు పాటలతో 'మూంగ్' అను ఆల్బమును తమ సొంత సంస్థ ద్వారా వెలువరించగా, అది బ్రిటను మొత్తపు అమ్మకపు పట్టికలో 11వ స్థానమును పొందెను.

ఇంతమాత్రమున పాటలే భాషను నిలబెట్టునని నేననను. 2021 జనాభా లెక్కల ననుసరించి వేల్సులో వెల్షు వచ్చినవారు నూటికి 17.8 మంది మాత్రమే. అంతకు పదేండ్ల క్రిందట ఈ సంఖ్య 19. బడి, ఉద్యోగము, చట్టము చేయవలసిన పనిని గిటారు చేయజాలదు. కాని గిటారు చేయగల పనిని చట్టము చేయజాలదు. వెల్షు మాటలాడు పిల్లవాడు తన భాష తాతల సొత్తు మాత్రమే కాదని, తనదియునని ఈ పాటల మూలముననే తెలిసికొనెను.

నేటి బృందములలో కూడ నన్ను ఆకర్షించునవి ఇట్టివే. ఐర్లండు రాజధాని డబ్లినుకు చెందిన ఫాంటేన్స్ డీ.సీ. బృందము 2019లో 'డాగ్రెల్' అను తొలి ఆల్బమును వెలువరించెను. గాయకుడు ఇంగ్లీషులోనే పాడును; కాని అది డబ్లిను వీధి యింగ్లీషు, ఆ యాసను సవరింపక పాడిన యింగ్లీషు. 'డాగ్రెల్' అనగా పండితులు చిన్నచూపు చూచు మోటు పద్యము. అదే పేరును వారు సగర్వముగా తలకెత్తుకొనిరి. ఇంగ్లండులోని బ్రిస్టలు నగరపు ఐడిల్స్ బృందము 2018లో వెలువరించిన ఆల్బములో, ఉక్రెయినునుండి వచ్చి స్థిరపడిన ఒక స్నేహితుని పేరనే ఒక పాట కలదు. వలస వచ్చినవారిని ఆడిపోసికొనుచున్న కాలములో, ఆ స్నేహితుని పేరును వేలమందిచే కేకవేయించిన పాట యది. 2021 మేలో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగర గ్రంథాలయములో లిండా లిండాస్ అను నలుగురు బాలికల బృందము పాడినది. పదేండ్లనుండి పదునారేండ్ల వయస్సు గల ఆ బాలికలు, బడిలో తమలో ఒకతె జాతిని బట్టి తోటి విద్యార్థి అనిన మాటకు పాటతో సమాధానము చెప్పిరి. అల్పసంఖ్యాక కుటుంబములలో పుట్టినవారికి ఆ కోపము తెలియనిది కాదు. పెద్దలు 'పోనిమ్ము, వినీ విననట్లుండుము' అందురు. ఆ బాలికలు పాట కట్టిరి. గ్రంథాలయములో ఇంత గోలయా యని ఎవరైన అందురేమో గాని, ఆ పాట వినిన పిదప నాకు ఆ చోటే తగినదని తోచినది.

ఇక మన దేశమునకు వత్తము. ఇంగ్లండులో పంక్ పుట్టుచున్న కాలముననే కలకత్తాలో గౌతమ్ చట్టోపాధ్యాయ మొదలైనవారు మొహీనేర్ ఘొడాగులి అను బృందమును ఏర్పరచి, 1977లో బెంగాలీలో తమ తొలి రికార్డును వెలువరించిరి. ఆనాడు వినినవారు కొద్దిమందియే. 1990 తరువాత, కొత్త తరము దానిని వెదకి వినినప్పుడు, బెంగాలీ రాక్ సంగీతమునకు అదే మూలమని గుర్తించిరి. కేరళలో అవియల్ బృందము 2008లో మలయాళ పాటలతో ఆల్బము వెలువరించెను. 2018 జనవరిలో చెన్నపట్టణమున క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ అను బృందము తొలి కచేరీ చేసెను. సినిమా దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు తెన్మా దీనికి పూనుకొనినవారు. ఉత్తర చెన్నపట్టణపు పేటలలో చావు ఇంటను, వీధి మొగలోను పాడు గానా పాటను రాక్, రాప్ సంగీతములతో కలిపి, కులభేదమును నిలదీయు పాటలను వారు పాడిరి. సభలలో చోటు లేని పాటకును, చోటు లేని మనుష్యులకును ఒక్కసారిగా వేదిక దొరికినది.

మనకు 150 కిలోమీటర్ల చేరువనున్న బెంగుళూరు రాక్ సంగీతమునకు దేశమంతట పేరుపొందిన నగరము. 1996లో ఏర్పడిన థర్మల్ అండ్ ఎ క్వార్టర్ ఇంగ్లీషులో పాడినది. 2002లో ఏర్పడిన స్వరాత్మ కన్నడ జానపదమును రాక్ సంగీతముతో కలిపెను. రఘు దీక్షిత్ 2008లో వెలువరించిన ఆల్బముతో, ధార్వాడ సీమకు చెందిన సంత శిశునాళ షరీఫు తత్వములు విలాయతు వేదికలవరకు పోయినవి. 1889లో గతించిన షరీఫుసాహేబు పాట గిటారుతో మరల యువకుల నోటికి వచ్చుట చూచి ఎందరో కన్నడిగులు సంతోషించిరి, నేనును సంతోషించితిని.

మరి బెంగుళూరు రాక్ వేదికపై తెలుగు లేదా యన్నచో, ఉన్నది. 2003లో ఏర్పడిన అగం బృందము త్యాగరాజస్వామి కీర్తనలను విద్యుద్గిటారులతో పాడుచున్నది. హంసనాదములోని 'బంటురీతి కొలు' కీర్తనను వారు పాడుచుండగా, తెలుగు రాని వేలమంది తెలుగు పదములను వల్లించుట వినవచ్చును. ఇది మనకు గర్వకారణమే. కాని ఆ తెలుగు రెండువందల యేండ్ల నాటిది. నేటి తెలుగులో పాడునది హైదరాబాదు చౌరస్తా బృందము. 2020లో కరోనా వ్యాపించినప్పుడు, చేయి చేయి కలుపవద్దని చెప్పు వారి పాట ఇంటింట వినబడెను. అది హైదరాబాదు మాట, ఆ నగరపు బ్రతుకు. 'ఏమప్పా, యాడికి పోతాండావు' అని పలుకరించు మన మాటకు ఆ వేదికలు రెండింటను చోటు మిగిలియే యున్నది.

ఇచ్చట మన గతమును ఒకసారి తలచుకొనుట అవసరము. తెలుగు దేశమునకు వెలుపల స్థిరపడిన తెలుగు కుటుంబములు పాట విషయమున ఎన్నడును వెనుకబడలేదు. త్యాగరాజస్వామి (1767–1847) కావేరీ తీరమున, తమిళదేశ మధ్యమున జీవించి, ఇంటిలో మాటలాడుకొను తెలుగును కీర్తనగా మార్చెను. ఆయన కృతులలో నిఘంటువు వెదకవలసిన పదములకంటె, తండ్రితో కొడుకు వాదులాడునట్టి మాటలే యెక్కువ. కర్ణాటకములోనే, చింతామణి తాలూకా కైవారములో యోగి నారేయణ తాతయ్య (1726–1836) ఉండెను. ఊరూర గాజులమ్ముకొని బ్రతికిన వ్యాపారి యాయన. తెలుగులోను కన్నడములోను తత్వములు చెప్పెను. ఆయన తెలుగు తత్వములు కన్నడలిపిలో అచ్చుపడి, తెలుగు లిపి రాని భక్తుల నోట నేటికిని నిలిచియున్నవి. వీరిని పంక్ గాయకులని పిలుచుట నా యుద్దేశము కాదు. వారి భక్తి వేరు, ఈ పిల్లల కోపము వేరు. అయినను రెండు విషయములలో పోలిక కలదు. వారు ఆస్థానపు అనుమతికై వేచియుండలేదు. నోటి మాటను పాటకు తక్కువని తలంపలేదు. అట్టి పెద్దలను కన్న యీ వలసతెలుగు కుటుంబములు నేడు క్రొత్త పాటకు హైదరాబాదు వైపు, బెంగుళూరు వైపు మాత్రమే చూచుచుండుట నాకు వెలితిగా తోచుచున్నది.

ఈ సంగీతమును గూర్చి పెద్దలకు గల అభ్యంతరములు నేనెరుగుదును. వానిలో కొన్ని న్యాయమైనవే. తొలినాటి పంక్ యువకులలో కొందరు మాదకద్రవ్యములకు బలియైరి. సెక్స్ పిస్టల్స్ బృందములోని సిడ్ విషస్ 1979 ఫిబ్రవరిలో, 21 యేండ్ల వయస్సుననే ఆ కారణముగా మరణించెను. కొందరు జనులను రెచ్చగొట్టుటకై నాజీల గుర్తులను ధరించిరి. అది సిగ్గుమాలిన పని. అయితే 1978 ఏప్రిలు 30వ తేదీన లండనులోని విక్టోరియా పార్కులో జాతిద్వేషమునకు వ్యతిరేకముగా జరిగిన మహాసభలో, వేలకొలది జనుల యెదుట పాడిన వారిలో క్లాష్ బృందము ఉండెనని కూడ చెప్పవలెను. ఒక కళలోని పొట్టును చెరిగి గింజను గ్రహించుట చెనిక్కాయలు పండించు సీమవారికి నేర్పవలసిన విద్య కాదు.

'ఇది పరదేశపు సంగీతము, మనకేల' అను మాటకు సమాధానము సులభము. మన కర్ణాటక సంగీత కచేరీలో కనబడు ఫిడేలు పాశ్చాత్యుల వాద్యము. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు దానిని మన సంగీతమునకు అలవరచెను. మన భజన మందిరములోని హార్మోనియము ఐరోపానుండి వచ్చినదే. నేడు వానిని పరాయివని ఎవరును అనరు. 'తెలుగు పాట కట్టినచో కన్నడమునకు ద్రోహము కాదా' యని మరికొందరు జంకుదురు. రెండు భాషలలో తత్వములు చెప్పిన కైవారపు తాతయ్యను కన్నడ తెలుగు జనులిరువురును పూజించుచుండగా ఆ జంకునకు తావులేదు. మన మాటలో కన్నడ పదములు సహజముగా కలిసియున్నవి. పాటలోను అట్లే కలిసి రానిండు. వానిని ఏరివేసి శుద్ధి చేసినచో అది బెజవాడ తెలుగో, పుస్తకపు తెలుగో అగును గాని పావగడ తెలుగు కాజాలదు.

పాటకు వస్తువేది యని అడుగువారు తిరుమణి వైపు ఒకసారి పోయి చూచి రావలెను. తిరుమణి, బళసముద్రము, క్యాతగానచెర్లు, వళ్లూరు, రాయచెర్లు అను ఐదు గ్రామముల భూములలో, సుమారు 13,000 ఎకరములలో, సౌరవిద్యుత్కేంద్రము నెలకొనియున్నది. 2018 మార్చి 1వ తేదీన ప్రారంభమైన యీ కేంద్రపు సామర్థ్యము 2,050 మెగావాట్లు. రైతులు భూమిని అమ్ముకొనలేదు. మొదట ఏటికి ఎకరమునకు 21,000 రూపాయల చొప్పున కౌలునకు ఇచ్చిరి. వాన రాక, బోరులో నీరు పడక, పడిన నీటిలో ఫ్లోరైడు చేరి ఎముకలను పట్టుకొనిన సీమలో, ఏ పంటకు శత్రువైన ఎండయో ఆ ఎండయే నేడు పంటయైనది. భూమి గలవానికి కౌలు వచ్చినది. భూమి లేని కూలివానికి చేను పని పోయినది. గొఱ్ఱెలకాపరికి మేత పట్టు తగ్గినది. ఆ యూళ్ల పేర్లలో తెలుగు చెవికి చెరువును, సముద్రమును వినబడుచుండగా, కంటికి నల్లని అద్దపు పలకలు పరచుకొని యున్నవి. వేల్సువారికి మునిగిన లోయ పాటయైనది. మనకు ఈ ఎండ పాట కాదా? బెంగుళూరు కట్టడములలో పనికి పోయిన అన్న, హిందూపురము బస్సుకై నిలిచిన చెల్లెలు, బడిలో కన్నడ వ్యాసమునకు మార్కులు తెచ్చుకొని ఇంటికి వచ్చి తెలుగులో తిట్లు తిను పిల్లవాడు – వీరిలో ఎవరిని గూర్చియైనను మూడు నిమిషముల పాట కట్టవచ్చును.

దీనికి కావలసిన సొమ్ము నేడు బజ్‌కాక్స్ బృందము చేసిన అప్పుకంటె చాల తక్కువ. గిటారు లేనిచో తప్పెట, కంజీర, చెక్కలు ఉన్నవి. చేతిలోని ఫోను పాటను పట్టుకొనును. అదే ఫోను ఆ పాటను చికాగో వరకు చేర్చును. తెలుగు లిపి రాని పిల్లలు కన్నడలిపిలో వ్రాసికొనవచ్చును. తాతయ్య తత్వములకు తప్పుగాని లిపి వారి పాటలకును తప్పు కాదు. అందుచేత మన సంఘమువారికి ఒక మనవి చేయుచున్నాను. వార్షికోత్సవ కార్యక్రమములో పద్యపఠనమును, నాట్యమును తగ్గింపనక్కరలేదు. ఒక్క గంటను మాత్రము పిల్లల సొంత పాటలకై ప్రత్యేకింపుడు. నియమములు రెండు చాలును: పాట పాడువారే కట్టవలెను, ఇంటిలో మాటలాడు తెలుగులోనే యుండవలెను. బహుమతులు వలదు, న్యాయనిర్ణేతలు వలదు. గొంతు సరిలేదని ఎవరిని దించివేయవలదు. పాటలో పెద్దలపై ఒకటి రెండు చురకలు ఉన్నచో ఓపికతో వినుడు. వెల్షు పెద్దమనుష్యులును వినిరి.

మొదటి సంవత్సరము వచ్చు పాటలలో పెక్కు పేలవముగానే యుండును. రామోన్స్ వారి మొదటి రికార్డును కూడ ఆనాడు కొనినవారు బహు స్వల్పము. అయినను ఆ గంటలో ఒక్క పిల్లవాడైన, ఒక్క బాలికయైన తిరుమణి ఎండను గూర్చియో, ఎండిన బోరును గూర్చియో 'యాడికి పోతాండావు' అను మాటతో ఒక పాటను మొదలుపెట్టినచో, మన తెలుగునకు ఈ తాలూకాలో ఇంకొక తరము ఆయుర్దాయము చేకూరినదని నేను నమ్ముదును. ఆ పాటను ముందు వరుసలో కూర్చుండి వినుటకు ఈ అభిమాని సిద్ధముగా నున్నాడు.